దక్షిణాసియాలో పసిపిల్లల సంరక్షణ, పూర్వ ప్రాథమిక విద్య: సంస్థలు, వాటి పని

పుట్టినప్పటి నుంచి బడిలో చేరేదాకా పిల్లల తిండి, ఆరోగ్యం, ఆట, మాట, భద్రత చూసుకునే సంస్థలు దక్షిణాసియాలో ముఖ్యంగా నాలుగు రకాలు. ప్రభుత్వాలు నడిపేవి కొన్ని, స్వచ్ఛంద సంస్థలు నడిపేవి కొన్ని, శ్రామిక స్త్రీలు సహకార సంఘాలుగా ఏర్పడి నడుపుకునేవి కొన్ని. ఫీజు తీసుకుని నడిచే ప్రైవేటు నర్సరీలు నాలుగో రకం. వీటి వెనక నిలబడి నిధులు, శిక్షణ, సమాచారం అందించే అంతర్జాతీయ సంస్థలు మరికొన్ని ఉన్నాయి. వీటి చరిత్రను సాధారణంగా స్థాపకుల పేర్లతో, పథకాల తేదీలతో, కేంద్రాల సంఖ్యతో చెబుతారు. అవి అవసరమే కానీ, వాటిని బట్టి ఏ సంస్థ పిల్లలకు నిజంగా మేలు చేసిందో తేల్చలేం. అందుకు ఇంకొక కొలత కావాలి. బిడ్డను చూసుకోవడమే పనిగా ఉన్న మనిషి ఆ బిడ్డకు రోజులో ఎన్ని గంటలు దొరుకుతోంది, ఆ గంటలకు జీతం ఎవరిస్తున్నారు అన్నదే ఆ కొలత. భారత్, బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఫలితం కనిపించిన చోటల్లా ఎవరో ఒకరు ఈ గంటల సంగతి పట్టించుకున్నారని తెలుస్తుంది. పథకం ఘనంగా ఉండి కూడా ఫలితం పలచబడిన చోట ఆ లెక్క వేసినవారు లేరు.

ఉపఖండంలో ఈ పనికి పునాది స్వాతంత్ర్యానికి ముందే పడింది. 1920లో గిజుభాయి బధేకా భావనగర్‌లో దక్షిణామూర్తి సంస్థ ఆధ్వర్యాన బాలమందిరం ప్రారంభించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, ఆ తరువాత కోస్బాడ్ కొండ మీద, అనుతాయి వాఘ్‌తో కలిసి వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య బడులు నడిపారు. పిల్లలు బడికి రాలేకపోతే బడే వాళ్ల ఇంటి ముంగిట్లోకి వెళ్లాలన్న ఆలోచన అక్కడ రూపు దిద్దుకుంది. పశువులు కాసే పిల్లల కోసం మేత మైదానంలోనే బడి పెట్టిన ప్రయోగమూ అక్కడిదే. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు వచ్చిన మరియా మాంటిస్సోరి యుద్ధ కాలమంతా అడయారులోను, కొడైకెనాల్‌లోను ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతి మన దేశంలో ఎక్కువగా పట్నాల్లోని స్తోమత గల కుటుంబాల పిల్లలకే చేరింది. దాన్ని పేదల వాకిట్లో దొరికే వస్తువులతో నడిచేలా మలచిన ఘనత గిజుభాయి, తారాబాయిలది. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. మహిళా సంఘాలకు గ్రాంట్లిచ్చి పల్లెల్లో బాలవాడీలు పెట్టించే పద్ధతిని ఆ మండలి వ్యాప్తి చేసింది. ఈ తొలి తరం సంస్థలన్నీ త్యాగబుద్ధి గల వ్యక్తుల మీద నిలిచాయి. ఆ త్యాగానికి గౌరవం దక్కాల్సిందే. అయితే పసిపిల్లల పని అంటే జీతం అడగని స్త్రీల సేవ అన్న భావన కూడా దానితోపాటే ప్రభుత్వ పథకాల్లోకి నడిచొచ్చింది. తరువాతి యాభై ఏళ్ల చిక్కులకు అసలు మూలం ఇక్కడే ఉంది.

1972లో మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన బృందం తిండి, ఆరోగ్యం, ఆటపాటల చదువు విడివిడిగా కాక కలిపి అందించాలని చెప్పింది. 1974 జాతీయ బాలల విధానం తరువాత, 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇవాళ దేశంలో సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఈ వయసు పిల్లల కోసం ఇంత పెద్ద వ్యవస్థ ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. ఈ విస్తరణ తనంతట తాను రాలేదు. పౌరహక్కుల ప్రజాసంఘం 2001లో వేసిన ఆహార హక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరు 28న ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించింది. 2006 డిసెంబరు 13న కేంద్రాల సంఖ్యను 14 లక్షలకు పెంచమంది. ఆరేళ్ల లోపు పిల్లలు కనీసం 40 మంది ఉన్న ఏ వాడ అయినా కేంద్రం కావాలని అడిగి తెచ్చుకోవచ్చని కూడా అందులోనే చెప్పింది. 2013 ఆహార భద్రత చట్టం అంగన్‌వాడీ భోజనాన్ని చట్టబద్ధమైన హక్కు చేసింది. రాష్ట్రాలు తమ వంతు కలిపాయి. తమిళనాడు 1982లోనే బడిముందు పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే పూట భోజనం పెట్టే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లో చేపట్టగా, తెలంగాణ 2015 జనవరి నుంచి ఆరోగ్య లక్ష్మి పేరుతో నడుపుతోంది. కోర్టు ఆదేశాలు, చట్టాలు, గుడ్లు, పాలు అన్నీ వచ్చాయి. వీటన్నిటినీ అందించాల్సిన మనిషి మాత్రం ఒక్కరే మిగిలారు.

పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు పోషణ పాఠాలు, పూర్వ ప్రాథమిక విద్య: ఐసీడీఎస్‌లో ఈ ఆరు సేవల భారం ఒక టీచరు మీద, సాయానికి ఒక ఆయా మీద ఉంది. పిల్లల బరువులు తూచాలి, సరుకు దించుకోవాలి, ఇళ్లకు వెళ్లాలి, రిజిస్టర్లు రాయాలి, ఈమధ్య ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ నింపాలి, మధ్యలో సర్వేలూ ఎన్నికల పనులూ చూడాలి. ఇవన్నీ అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి కథ చెప్పడానికి, పాట పాడించడానికి, రంగులు గుర్తుపట్టించడానికి మిగిలేది చాలా కొద్ది సమయం. అంగన్‌వాడీలో చదువు లేదని తల్లిదండ్రులు అనేది ఇందుకే. అది టీచరు అలసత్వమా, గంటలు చాలకపోవడమా అన్న ప్రశ్నకు జవాబు తమిళనాడులో దొరికింది. అలెహాంద్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే అర్థశాస్త్రవేత్తలు నాలుగు జిల్లాల్లో 640 కేంద్రాలను ఎంచుకుని, కొన్నింటిలో పూర్వ ప్రాథమిక విద్య కోసమే పూటపనికి ఒక అదనపు కార్యకర్తను పెట్టించారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తరువాత ఆ పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. పాత టీచరుకు పోషణ పనికి తీరిక దొరకడంతో గిడసబారిన పిల్లల శాతం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. తిండి పెంచలేదు, కొత్త భవనం కట్టలేదు, యంత్రాలు తేలేదు. రోజుకు కొన్ని గంటలు మరొక మనిషిని ఇవ్వడం వల్ల చదువు, పోషణ రెండూ బాగుపడ్డాయి. ఈ వ్యాసంలోని వాదానికి ఇంతకన్న గట్టి ఆధారం ఉపఖండంలో మరొకటి లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఆ అదనపు కార్యకర్తను స్థానికంగా, తాత్కాలిక పద్ధతిన, కొద్ది వేతనంతోనే పెట్టారు. అంటే ఫలితానికి ఉద్యోగ భద్రతతో పని లేదనీ, గంటలుంటే చాలనీ, పర్మనెంటు చేస్తే పని మందగిస్తుందనీ కొందరి వాదన. ఇందులో సగం నిజం ఉంది. తొలి ఫలితం గంటల వల్లే వచ్చింది. కానీ అది ఏడాదిన్నర ప్రయోగం. అంగన్‌వాడీ టీచరు ఉద్యోగ జీవితం పాతిక, ముప్పై ఏళ్లు. కొత్తగా చేరిన యువతి తక్కువ డబ్బుకు ఏడాదిన్నర ఉత్సాహంగా పనిచేయడం చూసి, ముప్పై ఏళ్లూ అలాగే చేస్తుందని లెక్క కట్టడం సరికాదు. పైగా గౌరవ వేతనం వల్ల జవాబుదారీతనం పెరిగిన దాఖలా కూడా లేదు. గౌరవ వేతనం మీద పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలు సివిల్ పోస్టులో ఉన్నవారు కారని 2006లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు 2022 ఏప్రిల్ 25న గుజరాత్ కేసులో వాళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పిచ్చింది. ఈ రెండు తీర్పుల మధ్య దూరంలోనే లక్షలాది స్త్రీల బతుకు నలుగుతోంది. కేంద్రం ఇచ్చే గౌరవ వేతనాన్ని 2018 అక్టోబరులో టీచరుకు 4,500 రూపాయలు చేశారు, మిగిలింది రాష్ట్రాల దయ. ఆంధ్రప్రదేశ్‌లో వేతనం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని సమ్మెను నిషేధించిన ప్రభుత్వం ఆ సేవ చేసేవారిని ఉద్యోగులుగా ఒప్పుకోదు. ఈ వైరుధ్యాన్ని ఏ పాలనా తర్కమూ సమర్థించలేదు.

సరిహద్దు అవతల పాకిస్థాన్ ఇదే చిక్కును కొంత తెగించి పరిష్కరించుకుంది. బేనజీర్ భుట్టో ప్రభుత్వం 1994లో ప్రారంభించిన లేడీ హెల్త్ వర్కర్ల కార్యక్రమంలో సుమారు లక్షమంది స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య సేవలందిస్తున్నారు. వాళ్లు ఏళ్లపాటు పోరాడి, సుప్రీంకోర్టు జోక్యంతో 2012 తరువాత ప్రభుత్వోద్యోగులుగా గుర్తింపు సాధించారు. ఈ కార్యకర్తలతోనే సింధ్ రాష్ట్రంలోని నౌషహ్రో ఫిరోజ్ జిల్లాలో ఆగా ఖాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పెద్ద పరీక్ష జరిపారు. తల్లి బిడ్డతో ఎలా ఆడాలి, ఎలా మాట్లాడాలి, బిడ్డ చేసే సైగలకు ఎలా స్పందించాలి అన్నవి మామూలు ఇంటి సందర్శనల్లో, నెలవారీ కూడికల్లో నేర్పించారు. 1,489 మంది తల్లీబిడ్డలపై జరిగిన ఆ అధ్యయనం 2014లో లాన్సెట్‌లో వచ్చింది. అలా నేర్చుకున్న తల్లుల పిల్లలు ఏడాదికీ రెండేళ్లకూ ఆలోచనలో, మాటలో, కదలికల్లో మిగతావారికన్న మెరుగ్గా ఉన్నారు. మూడేళ్ల లోపు బిడ్డకు చదువేమిటి అని అడిగేవారికి ఇదే సమాధానం. ఆ వయసులో చదువంటే ఒక పెద్దవారు బిడ్డ కళ్లలోకి చూసి బదులు పలకడమే. పాకిస్థాన్ బడుల్లో ఒకటో తరగతికి ముందు నడిచే కచ్చీ తరగతిని పాఠ్యప్రణాళికతో తీర్చిదిద్దడంలో కరాచీ టీచర్స్ రిసోర్స్ సెంటర్, ఆగా ఖాన్ ఫౌండేషన్ ముఖ్య పాత్ర వహించాయి.

బంగ్లాదేశ్ అనుభవం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. అక్కడ ఏటా సుమారు 14 వేలమంది పిల్లలు నీళ్లలో మునిగి చనిపోతున్నారని 2016 నాటి జాతీయ సర్వే తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది పసివాళ్లు. ప్రమాదాలు ఎక్కువగా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట మధ్య, ఇంటికి కూతవేటు దూరంలోని చెరువులోనో గుంటలోనో జరుగుతాయి. తల్లి ఇంట్లోనే ఉంటుంది, వంటలోనో, ధాన్యం పనిలోనో, పశువుల పనిలోనో మునిగి ఉంటుంది. బంగ్లాదేశ్ గాయాల నివారణ, పరిశోధన కేంద్రం దీనికి వెతికిన మందు సరళమైంది. ఊళ్లోనే ఒక ఇంట్లో ఆ నాలుగు గంటలూ పాతికమంది దాకా పసివాళ్లను ఒక స్త్రీ చూసుకుంటుంది. ఆ కేంద్రాలను ఆంచల్ అంటారు, నడిపే స్త్రీని ఆంచల్ మా అంటారు. వీటిలో చేరిన పిల్లల్లో మునిగి చనిపోయే ముప్పు 80 శాతానికి పైగా తగ్గిందని పరిశోధకులు నమోదు చేశారు. అక్కడే ఆటపాటలు, మాటలు, చేతులు కడుక్కోవడం కూడా నేర్పుతారు. చావును ఆపడానికి పెట్టిన కేంద్రం చదువుకూ చోటైంది. 2022లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఈ నమూనాను తన ప్రాజెక్టుగా స్వీకరించి, శిశు అకాడమీ ద్వారా 16 జిల్లాల్లో 8 వేల కేంద్రాలు, 2 లక్షల మంది పిల్లలు లక్ష్యంగా పెట్టుకుంది. స్వచ్ఛంద సంస్థ కనిపెట్టి, పరిశోధన నిరూపించి, ప్రభుత్వం చేపట్టిన వరస ఇది. మన ప్రాంతంలో ఈ మూడో మెట్టు దాకా వెళ్లిన ప్రయోగాలు తక్కువ. తల్లి ఇంట్లో ఉంటే చాలు, బిడ్డకు సంరక్షణ ఉన్నట్టే అనుకునే మన అలవాటును ఆంచల్ అనుభవం పూర్తిగా కొట్టివేస్తుంది.

అదే దేశంలో 1972లో ఫజ్లే హసన్ అబేద్ స్థాపించిన బ్రాక్ ప్రపంచంలోని అతి పెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ఒకటి. 1985లో ఒకే గది, ఒకే ఉపాధ్యాయిని పద్ధతిలో మొదలైన దాని బడులకు తోడుగా వేలాది పూర్వ ప్రాథమిక కేంద్రాలు, ఆ తరువాత ఆటకు పెద్దపీట వేసే ప్లే ల్యాబ్‌లు వచ్చాయి. 2017లో మయన్మార్ నుంచి తరిమివేతకు గురై కాక్స్ బజార్ చేరిన రోహింగ్యా కుటుంబాల పిల్లల కోసం బ్రాక్ శిబిరాల్లోనే ఇలాంటి కేంద్రాలు తెరిచి, వాళ్ల భాషలోని పాటలతో, ఆటలతో నడిపింది. దీనికి 2018 డిసెంబరులో లెగో ఫౌండేషన్ ప్రకటించిన 10 కోట్ల డాలర్ల గ్రాంటులో భాగం అందింది. ఆ గ్రాంటు సెసమీ వర్క్‌షాప్‌కు దక్కగా బ్రాక్ భాగస్వామి అయింది. ఈ పనిని మనసారా మెచ్చుకోవాలి. దాతల డబ్బుకు గడువు ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. గ్రాంటు ముగిసిన ఏడాది పుట్టిన బిడ్డకు ఆ కేంద్రం ఉంటుందా అన్న ప్రశ్నకు ఏ స్వచ్ఛంద సంస్థా ఒంటరిగా హామీ ఇవ్వలేదు. కొత్త పద్ధతి కనిపెట్టడం వాటి బలం. ముప్పై ఏళ్లు వరసగా జీతాలివ్వడం ప్రభుత్వం పని.

భారతదేశంలో తల్లి పనిగంటలను లెక్కలోకి తీసుకున్నవి ఐసీడీఎస్ బయటి సంస్థలే. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి కోసం కట్టడాలు సాగుతుంటే, ఇసుక గుట్టల మధ్య పడి ఉన్న కూలీల పిల్లలను చూసి మీరా మహాదేవన్ మొబైల్ క్రెషెస్ సంస్థను మొదలుపెట్టారు. కట్టడం ఎక్కడికి మారితే శిశుగృహమూ అక్కడికే మారుతుంది, తల్లి పనిలో ఉన్నంతసేపూ తెరిచే ఉంటుంది. ఇలా భట్ అహ్మదాబాద్‌లో 1972లో స్థాపించిన సేవా సంఘంలో, బీడీలు చుట్టే, కూరగాయలు అమ్మే స్త్రీలు వేతనం తరువాత పిల్లలను చూసే చోటు కావాలనే అడిగారు. దాన్నుంచి 1986లో సంగిని సహకార సంఘం వచ్చింది. పిల్లలను చూసుకునే స్త్రీలే అందులో సభ్యులు, యజమానులు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర జన స్వాస్థ్య సహయోగ్ ఆదివాసీ పల్లెల్లో మూడేళ్ల లోపు పిల్లల కోసం ఫుల్వారీలు నడుపుతోంది. ఇలాంటి సంస్థల గొంతు ఒకటి చేయడానికి 1989లో ఫోర్సెస్ అనే వేదిక ఏర్పడింది. చట్టాలూ లేకపోలేదు. ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట, 1996 నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి స్త్రీలున్న చోట శిశుగృహం పెట్టమన్నాయి. ఉపాధి హామీ చట్టం ప్రకారం పని దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు ఉంటే, వాళ్లను చూడడానికి ఒక మహిళకు కూలి ఇవ్వాలి. కాగితం మీద ఇన్ని చట్టాలున్నా, చిన్న చిన్న చోట్ల విడివిడిగా కష్టపడే స్త్రీలు ఏ సంఖ్యలోకీ రారు. బిడ్డకు తండ్రి కూడా ఉంటాడన్న సంగతి గుర్తున్నట్టుగా, ఉద్యోగులందరినీ లెక్కపెట్టమన్నది 2017 ప్రసూతి ప్రయోజన సవరణే: 50 మంది ఉద్యోగులుంటే, స్త్రీలైనా పురుషులైనా, శిశుగృహం ఉండాలంది. 2022 నుంచి పాల్నా పేరుతో అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే పథకం వచ్చింది, లక్ష్యం 17 వేల కేంద్రాలు. 14 లక్షల పక్కన ఆ సంఖ్య పెట్టి చూస్తే ఎంత దూరం నడవాలో అర్థమవుతుంది.

శ్రీలంకలో కథ వేరుగా మొదలైంది. 1926లో కలుతరలో ఏర్పడిన ఆరోగ్య విభాగం నుంచి ఎదిగిన వ్యవస్థలో, శిక్షణ పొందిన మంత్రసాని జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి. ఆమె గర్భిణి ఇంటికీ, పుట్టిన బిడ్డ ఇంటికీ వెళ్లి బరువు, పెరుగుదల నమోదు చేస్తుంది. 2016 సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లల్లో గిడసబారినవారు అక్కడ 17 శాతం, భారతదేశంలో 2019-21 సర్వేలో 35.5 శాతం. స్త్రీల చదువు, ఆహార సరఫరా, ఉచిత వైద్యం అన్నీ ఈ తేడాకు కారణాలే, మంత్రసాని ఒక్కరి వల్ల వచ్చిందనడం అతిశయోక్తి. ఆమె లేకుండా వచ్చేదనడం ఇంకా పెద్ద అతిశయోక్తి. అదే శ్రీలంకలో మూడు నుంచి ఐదేళ్ల చదువును మాత్రం తల్లిదండ్రుల ఫీజులకూ, స్వచ్ఛంద సంస్థలకూ, రాష్ట్ర మండళ్లకూ వదిలేశారు. 1958లో ఏ.టి. అరియరత్నె ప్రారంభించిన సర్వోదయ శ్రమదాన ఉద్యమం పల్లెల్లో వేలాది బాలబడులు పెట్టింది. తేయాకు తోటల్లో తమిళ కార్మికుల పిల్లలకు శిశు వికాస కేంద్రాలను 1992లో ఏర్పడిన తోటల ట్రస్టు చూస్తోంది. ఆ కేంద్రాలు తల్లి ఆకు కోసే వేళలను అనుసరించి నడుస్తాయి. ఆరోగ్యానికి జీతగాళ్లు, చదువుకు స్వచ్ఛంద సేవకులు అన్న విభజన ఫలితంగా ఆ దేశపు బాలబడుల నాణ్యత ఊరూరికీ మారిపోతుంది.

నేపాల్‌లో 30 వేలకు పైగా బాల వికాస కేంద్రాలున్నాయి. 2015 రాజ్యాంగం పసిపిల్లల వికాసాన్ని బాలల హక్కుల్లో చేర్చింది, బాధ్యత 753 స్థానిక ప్రభుత్వాలకు వచ్చింది. అక్కడి కార్యకర్తలకు దక్కేదీ స్వల్ప భత్యమే, స్థానిక ప్రభుత్వం తలచుకుంటే కలిపి ఇస్తుంది. మాల్దీవులు 2012లో ప్రీస్కూళ్ల కోసం చట్టమే చేసింది. అఫ్గానిస్థాన్‌లో 2022 డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో స్త్రీలు పనిచేయరాదని తాలిబన్లు ఆదేశించడంతో, తల్లుల దగ్గరికి, పసిపిల్లల దగ్గరికి చేరే దారే మూసుకుపోయింది.

ఈ దేశాలన్నిటినీ కలిపే సంస్థలు కొన్ని ఉన్నాయి. యునిసెఫ్ దక్షిణాసియా ప్రాంతీయ కార్యాలయం కాఠ్మాండూలో ఉంది. 2008లో ఏర్పడిన ఆసియా పసిఫిక్ పసిపిల్లల ప్రాంతీయ వేదిక ఆర్నెక్ దేశాల అనుభవాలను ఒకచోట చేరుస్తోంది. సార్క్ దేశాలు 2002 జనవరిలో కాఠ్మాండూలో బాలల సంక్షేమ ఒప్పందంపై సంతకం చేశాయి. ఆగా ఖాన్ ఫౌండేషన్, నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ లీర్ ఫౌండేషన్, సేవ్ ద చిల్డ్రన్ దశాబ్దాలుగా నిధులిస్తున్నాయి. 1990 జోమ్తియెన్ సభలో పుట్టుకతోనే నేర్చుకోవడం మొదలవుతుందన్న మాట అంగీకారం పొందింది. 2022లో తాష్కెంట్‌లో ప్రపంచ దేశాలు మళ్లీ కలిసి ప్రకటన చేశాయి. ఈ సంస్థల వల్ల కొలిచే పద్ధతులు, శిక్షణ పుస్తకాలు, ఒక దేశం నుంచి ఇంకో దేశం నేర్చుకునే వీలు వచ్చాయి. సార్క్ రాజకీయంగా స్తంభించినా నిపుణుల మధ్య రాకపోకలు ఆగకపోవడానికి ఇవే కారణం. అయితే అంగన్‌వాడీ టీచరుకో ఆంచల్ మాకో జీతమిచ్చే శక్తి వీటిలో దేనికీ లేదు, ఇవ్వడం వీటి పనీ కాదు.

పిల్లలను చూడడం కుటుంబం పని, అమ్మమ్మలూ నానమ్మలూ ఉండగా సంస్థలెందుకు అని అడిగేవారున్నారు. వలస వెళ్లిన కూలీకి, పట్నంలో ఒంటి గది అద్దెకు తీసుకున్న జంటకు అమ్మమ్మ పక్కన ఉండదు. ఉన్న చోట కూడా ఆమె పొలానికో కూలికో పోతుంది, లేదా ఆ పనంతా ఆరేడేళ్ల అక్క మీద పడి ఆ పిల్ల బడి మానేస్తుంది. డబ్బెక్కడిది అన్నది రెండో అభ్యంతరం. తమిళనాడు అధ్యయనం, ఆ పిల్లలు పెద్దయ్యాక పెరిగే సంపాదన పెట్టిన ఖర్చుకు 13 నుంచి 21 రెట్లు ఉంటుందని అంచనా కట్టింది. అంచనాను సగానికి సగం తగ్గించి చూసినా ఇంతకన్న మంచి ఖర్చు ప్రభుత్వాల దగ్గర పెద్దగా లేదు. తల్లిదండ్రులు ఎలాగూ ఇంగ్లీషు నర్సరీలకే పంపుతున్నారు కదా అన్నది మూడోది. అసర్ కేంద్రం, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం కలిసి అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14 వేలమంది పిల్లలను ఏళ్లపాటు వెన్నంటి చేసి, 2017లో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. అంగన్‌వాడీలో చదువుకు సమయం చాలలేదు, ప్రైవేటు నర్సరీలో నాలుగేళ్ల బిడ్డతో అక్షరాలు, అంకెలు దిద్దించారు. రెండు చోట్ల నుంచీ ఐదేళ్లకు బడికి సిద్ధం కాకుండానే ఎక్కువమంది వచ్చారు. తల్లిదండ్రులు ప్రైవేటు వైపు వెళ్లడం తప్పు కాదు. అక్కడ పిల్లల కోసమే ఒక టీచరు, ఎక్కువ గంటలు ఉంటాయని వాళ్లు చూసి వెళ్తున్నారు. అదే సదుపాయం, వయసుకు తగ్గ ఆటపాటలతో, అంగన్‌వాడీలో ఉంటే ఎందుకు రారు?

కాబట్టి ఈ ప్రాంతపు ప్రభుత్వాలు చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి కేంద్రంలో చదువుకు వేరే టీచరు ఉండాలి, మూడేళ్ల లోపు బిడ్డలకు తల్లి పనివేళల ప్రకారం శిశుగృహం ఉండాలి, ఈ పని చేసే స్త్రీకి జీతం, పింఛను ఉండాలి. భారతదేశం వరకు చూస్తే, 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసి, ఆరేళ్ల లోపు వారిని 45వ అధికరణం కింద ఆదేశిక సూత్రాల్లోనే ఉంచింది. ఆరేళ్ల లోపు బిడ్డల సంరక్షణను, విద్యను కూడా ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో చేర్చాలని లా కమిషన్ 2015 ఆగస్టులో ఇచ్చిన 259వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ సవరణ ఇంతవరకూ జరగలేదు.